మా నాయన పేరులో మింగేసిన అక్షరం

ఈ సంగతి కాగితం మీద పెట్టడానికి కారణం ఉంది. మా మనవడికి పెట్టిన పేరు గురించి ఇప్పటికే మా ఇంట్లో ఒక కథ, కుప్పంలో మా వియ్యంకుడి ఇంట్లో ఒక కథ, మదనపల్లెలో ఒక పెద్దమనిషి దగ్గర ఇంకో కథ నడుస్తున్నాయి. ముగ్గురూ తమదే నిజమంటారు. రేపు వాడు పెద్దవాడై తన పేరుకు అర్థమేమిటని అడిగేనాటికి నా నోట్లో నాలుగో కథ తయారై ఉంటుంది. అందుకని తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టే ఇప్పుడే రాస్తున్నాను. దీంట్లో మనుషుల పేర్లు రాయను. ఉన్నది ఒక్క పేరే. నన్ను తికమక పెట్టడానికి అది చాలు.

నేను పుంగనూరులో దాణా అంగడి నడుపుతాను. బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా మా ఊరి గ్రంథాలయంలోనే. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక అంగడి నా భార్యకు అప్పజెప్పి అక్కడ కూర్చుంటాను. పశువైద్యం మొదలుకొని గ్రహణాల దాకా ఆ బీరువాల్లో నేను ముట్టని పుస్తకం తక్కువ. గొప్పకు చెప్పడం లేదని రాయబోయాను గాని, కొంచెం గొప్పకే చెబుతున్నాను. ఇంగ్లీషు కూడా నిఘంటువు పక్కన పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నదే. మాట్లాడమంటే నోరు తిరగదు. అచ్చులో ఉంటే మాత్రం ఎంత పొడుగు వాక్యమైనా కూర్చుని విప్పుకుంటాను.

మా నాయన పేరు రాయిడప్ప. సోమల దగ్గర మెట్ట సేద్యం చేసిన మనిషి. ఆ తరంలో మా పక్క పేరు చివర ‘అప్ప’ లేని మగవాడు అరుదు కాబట్టి ఆ సగం ఎవరికీ వింత కాదు. ముందు సగమే వింత. రాయప్పలు ఉన్నారు, రాయుళ్ళు ఉన్నారు. రాయిడప్ప మాత్రం మా నాయన ఒక్కడే. సంతలో తెలిసినవాళ్ళు ఆయన్ను వదిలేవాళ్ళు కాదు.

“ఏం రాయీ, యాడికప్పా దొర్లుకుంటా పోతాండావు?”

“నీ నెత్తిన పడేదానికే వస్తాండాను, ఆడే ఉండు,” అనేవాడు నాయన.

అట్లా నవ్వేసేవాడు గాని, నా కొడుకు పుట్టినప్పుడు తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ ప్రకారం ఆ పేరే పెడదామంటే ఆయనే అడ్డం పడ్డాడు. “ఆ రాయి నా నెత్తిన ఉండాది సాలు. బిడ్డ నెత్తిన యాల?” అన్నాడు. సరే అని వేరే పేరు పెట్టాం. మా అమ్మ ఆ రోజు నోరెత్తలేదు. ఆమెకు నచ్చలేదని మాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాతే.

నాయన పోయి మూడేళ్ళయింది. మొన్న చలికాలంలో నా కొడుక్కు మగబిడ్డ పుట్టాడు. కుప్పంలో, కోడలి పుట్టింట్లో. ఫోన్‌లో కబురు విన్న మా అమ్మ బిడ్డ ఎట్లా ఉన్నాడని కూడా అడగలేదు.

“ఈసారి ఆ పేరే పెట్టాల,” అంది.

“ఏ పేరత్తా?” అని నా భార్య కావాలనే అడిగింది.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడి పేరు నోట పలకని తరం ఆమెది. రేషన్ కార్డు రాసేవాళ్ళు వచ్చినా, ఆసుపత్రిలో చీటీ రాసేవాళ్ళు అడిగినా పక్కనున్న మావైపు చూసేది. మేము చెప్పాలి. ఎవరూ పక్కన లేకపోతే ఆ పని మానుకుని వచ్చేసేదే గాని పేరు చెప్పేది కాదు.

“ఆ పేరు పెట్టకపోతే మీ నాయన ఈ ఇంట్లో యాడా లేనట్లే,” అంది నాతో.

“ఫోటో ఉండాది కదమ్మా, గోడకు.”

“ఫోటోను ఎవురన్నా పిలుస్తారా?”

కోడలికి ఫోన్ చేశాను. ఆమె కుప్పంలోనే రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తుంది. నా కొడుకు రోజూ రైలెక్కి బెంగళూరుకు పోయి వచ్చే ఉద్యోగి. ఇంట్లో ఏది కావాలన్నా తేల్చేది ఆమే.

“అవ్వ మాట కాదనేది నాకూ ఇష్టం లేదు మామా,” అంది. “కానీ రాయిడప్ప అని పెడితే బళ్ళో పిల్లోళ్ళు రాయీ రాయీ అని వీడిని ఏడిపిస్తారు. ఎవురికీ లేని పేరు పెట్టాలని నేను ఎన్ని దినాలుగా ఫోన్లో వెతకతాండానో తెలుసా? అర్థం కూడా బాగుండాల కదా.”

“ఎవురికీ లేని పేరే కదమ్మా ఇది.”

“నువ్వు ఊరుకో మామా.”

అప్పుడు ఆమెకు మా అవ్వ, అంటే మా నాయన తల్లి, చెప్పిన సంగతి చెప్పాను. మా నాయన కంటే ముందు అవ్వకు పుట్టిన బిడ్డలు దక్కలేదు. ఈ కాన్పుకు భయపడి ఎడ్లబండిలో మదనపల్లెకు తీసుకుపోయారు, తెల్లవాళ్ళు నడిపే ఆసుపత్రికి. అక్కడి తెల్ల డాక్టరమ్మ తల్లినీ బిడ్డనూ నిలబెట్టింది. ఏ పేరు పెట్టమంటావమ్మా అని అవ్వ అడిగితే, ఆమె కొంచెంసేపు ఆలోచించి వాళ్ళ భాషలో ఒక పేరు చెప్పింది. మరిచిపోతానేమోనని అవ్వ బండిలో ఊరు చేరేదాకా దాన్నే జపించింది. ఇల్లు చేరాక చివర ‘అప్ప’ తగిలించింది. డాక్టరమ్మ చెప్పింది ఏ పేరో, దారిపొడుగునా అవ్వ నాలుక మీద అది ఏమైందో ఎవరికీ తెలియదు.

కోడలి గొంతు మారింది. “ఇంగ్లీషు పేరా? అయితే సూపించు మామా. ఊళ్ళో పుస్తకాలన్నీ నువ్వే చదివినావంటారు కదా. అట్లాంటి పేరు నిజంగా ఉండి, అర్థం బాగుంటే నేనే పెడతాను. లేకుంటే మేము అనుకున్నది పెట్టేస్తాము. నామకరణం లోపల చెప్పు.”

అట్లా మా అమ్మ కోరిక వచ్చి నా చదువు మీద పడింది. మా అమ్మకు చెబితే, “అయితే పేరు నిలబడినట్లే,” అని ధైర్యంగా పడుకుంది. ఆమెకు నా చదువు మీద ఉన్న నమ్మకం చూసి నాకు మొదటిసారి భయమేసింది.

మరుసటి రోజు మా గ్రంథాలయంలో పెద్ద నిఘంటువు దించాను. అక్కడి మేడమ్ నన్ను ఎన్నో ఏళ్ళుగా ఎరిగిన మనిషి.

“నిఘంటువులో మనుషుల పేర్లు ఉండవు కదప్పా. ఫోన్లో కొట్టి సూడు,” అంది.

రాయిడ్ అని కొట్టాను. థైరాయిడ్ జబ్బు గురించి వచ్చింది. ఇంకో అక్షరం మార్చి కొడితే ఆకాశంలో తిరిగే రాళ్ళ గురించి వచ్చింది, ఆస్టరాయిడ్లట. అక్కడా రాయే! ఆ వారమంతా నా ఫోన్ నాకు థైరాయిడ్ మాత్రలు అమ్మడానికి చూసింది. మేడమ్ తన ఫోన్‌లో వెతికి, “లాయిడ్ అని ఒకటుండాది, ఫ్లాయిడ్ అని ఒకటుండాది. రాయిడ్ మాత్రం కనపడలేదు. అసలు మీ నాయన పేరు సరిగ్గా పలుకుతాండావా?” అని అడిగింది.

పుట్టినప్పటి నుంచి విన్న పేరును సరిగ్గా పలుకుతున్నానా అంటే ఏం చెప్పాలి? అయినా సందేహం పట్టుకుంది. అవ్వ నోట అది ఎట్లా పలికేదో విన్న మనిషి ఇప్పుడు ఒక్కతే ఉంది. ఆమె ఆ పేరు పలకదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ వసారాలో చెనిక్కాయలు వొలుస్తోంది. పక్కన కూర్చున్నాను.

“అమ్మా, అవ్వ నాయన్ను ఎట్లా పిలిసేది? ఉన్నదున్నట్లు చెప్పాల.”

“నా నోట చెప్పిస్తావా? వయసొచ్చినోడివి, బుద్ధి ఉండాదా నీకు?”

“పేరు నిలబడాలంటే చెప్పాల మరి.”

అమ్మ చాలాసేపు కాయలు వొలిచింది. తర్వాత నా వైపు చూడకుండా, “కొండ మీద ఉంటాది. గుండు కన్నా సిన్నది,” అంది.

“రాయి.”

“దాని వెనకాల, డప్పులో మొదటిది.”

“డ.”

“కడాన, మీ తాత పేరు కడాన ఉండేదే.”

“అప్ప. రాయిడప్ప. మేము పలికేది అదే కదా.”

అమ్మ తల అడ్డంగా ఊపింది. “నడాన ఇంకోటి ఉండాది. దాన్ని మీరంతా మింగేసినారు. మా అత్త మింగేది కాదు.”

“ఏది?”

“నేను అంటామే, దాంట్లో మొదటిది.”

“నే?”

“నే కాదురా. నక్కలో మొదటిది.”

“న. రాయిడనప్ప!”

గట్టిగా అనేశాను. అమ్మ ఉలిక్కిపడి వీధివైపు చూసింది, ఆ మాట తానే అన్నట్టు. తర్వాత తలవంచుకుని మళ్ళీ కాయలు వొలవడంలో పడింది. పప్పు పొట్టులోకీ, పొట్టు పప్పులోకీ పడుతోంది.

రాయిడనప్ప. అప్పను తీసేస్తే రాయిడన్. ఆ రాత్రి అన్నం తింటూ కూడా నేను అదే అనుకుంటూ ఉంటే, మా అవ్వ బండిలో ఎట్లా వచ్చిందో అర్థమైనట్టు అనిపించింది.

తర్వాతి రోజే మదనపల్లె బస్సెక్కాను. అక్కడి గ్రంథాలయం మా ఊరిదానికంటే పెద్దది. ఇంగ్లీషు బీరువాలో అడుగు అరలో పేర్ల గురించి ఒక లావుపాటి పుస్తకం దొరికింది. మొదటి పుటలు ఊడిపోయి అది ఎవరు రాసిందో, ఏ కాలానిదో కూడా తెలియడం లేదు. ఆర్ అక్షరం దగ్గర వేలు పెట్టి కిందికి జరిపాను. ఉంది. రాయ్‌డెన్. ఆర్, ఓ, వై, డి, ఇ, ఎన్. మగపిల్లల పేరు. పాత ఇంగ్లీషులో ‘రై’ అనే పంటకు ‘డన్’ అనే మాట కలిసింది. డన్ అంటే గుట్ట. రై పండే గుట్ట అని అర్థం. మొదట ఊరి పేరు, దానినుంచి ఇంటిపేరు, ఇంటిపేరు నుంచి ఎక్కడో ఒకరికి సొంత పేరు అయిందట. అరుదు అని కూడా రాసి ఉంది. కోడలు కోరిన ‘ఎవురికీ లేని’ అనే మాటకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అదీగాక కుప్పం అయ్యవారు బిడ్డ నక్షత్రానికి ‘రో’ అక్షరం వచ్చిందన్నాడు. నోటితో పలికితే ‘రా’ అయినా, ఇంగ్లీషులో రాస్తే ఆర్ పక్కన ఓ ఉంది. అన్నీ కలిసి వస్తున్నట్టే కనిపించింది.

రై అంటే ఏ పంటో తెలియలేదు. నిఘంటువులో ‘చలిదేశాల్లో పండే ఒక ధాన్యం’ అని మాత్రం ఉంది. నేను గొణుక్కోవడం విని, ఎదురుగా పేపరు చదువుతున్న పెద్దమనిషి తలెత్తాడు. ఇంగ్లీషు మాస్టరుగా చేసి రిటైరయ్యాడట.

“మన రాగి లాంటిదేలే అప్పా. పేదోళ్ళు తినేది, గట్టి నేలలో పండేది,” అన్నాడు.

రాగులు పండే గుట్ట! మా పొలం వాలు నేలే. నాయన బతికినంత కాలం దాంట్లో రాగులే వేశాడు. ఆయన పేరు ఎవరో సముద్రం అవతల నుంచి చూసి పెట్టినట్టుంది. సంతోషం పట్టలేక మాస్టరుకు మొత్తం కథ చెప్పేశాను. అక్కడ ఆపి బస్సెక్కి ఉంటే ఈ రాత అవసరమే ఉండేది కాదు.

“మీది ఏ పక్క అన్నావు?” అని అడిగాడు.

“సోమల పక్క.”

“అయితే అది ఇంగ్లీషు పేరు కాదప్పా. మీ ఊళ్ళో రాళ్ళ దిన్నె ఏమన్నా ఉండాదా?”

ఉంది. మా పొలం గట్టు పక్కనే ఉంది. రాళ్ళు కుప్పపడినట్టుండే దిన్నె, దాని మీద పసుపు పూసిన ఒక గుండ్రాయి. మా అవ్వ కోతల రోజుల్లో మొదటి సంగటి ముద్ద దానికే పెట్టేది.

“అదీ సంగతి,” అన్నాడు మాస్టరు పేపరు మడిచిపెట్టి. “బిడ్డలు దక్కనోళ్ళు గుట్టకీ దిన్నెకీ మొక్కుకుని, పుట్టినోడికి ఆ పేరే పెట్టేది మన పక్క మామూలే. రాయిదిన్నప్ప. మీ అవ్వ నోట దిన్నె కాస్తా డన అయింది. తెల్లామె కాన్పు చేసి ఉంటాది. పేరు పెట్టింది దిన్నె.”

“మరి ఇంగ్లీషులో డన్ అన్నా గుట్టే అంటాండారు కదా సార్, ఈ పుస్తకంలో. మన దిన్నె, వాళ్ళ డన్ ఒకటే ఏమో?”

“అంత దూరం పోవద్దప్పా. నడాన సముద్రముండాది,” అన్నాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. టమోటా గంపలతో దారంతా ఆగుతూ పోయే బస్సు. ఆలోచించే కొద్దీ అయోమయం పెరిగింది. దక్కని బిడ్డల తర్వాత పుట్టినవాడికి చావు కన్ను పడకుండా మోటు పేర్లు పెట్టడం కూడా ఉంది కదా, ఊరికే రాయి అనే ఎందుకు పెట్టి ఉండకూడదు? ఫోన్ తీసి పుస్తకంలో చూసిన అక్షరాలే కొట్టాను. ఒకచోట రాజుగారి గుట్ట అని ఉంది. ఇంకోచోట ఆ పేరులో మొదటి ముక్కకు ఎరుపు అని ఉంది. పుస్తకంలో రై పంట, ఫోన్‌లో రాజు, ఎరుపు, మాస్టరు దగ్గర రాళ్ళు. పుంగనూరులో దిగేసరికి మా నాయన ఎవరో నాకే తెలియనట్టు అనిపించింది.

అమ్మ వాకిట్లోనే ఉంది. “దొరికిందా?”

“దొరికింది,” అన్నాను. దిన్నె మాట మాత్రం అనలేకపోయాను.

నామకరణానికి ముందురోజు అమ్మను తీసుకుని కుప్పం బయల్దేరాను. పలమనేరు, వి.కోట మీదుగా పోయే దారంతా నాలో నాకే వాదన. దిన్నె సంగతి దాచితే కోడలు పేరు ఒప్పుకుంటుంది, అమ్మ కోరిక తీరుతుంది. దాచడానికి పెద్ద కష్టం కూడా లేదు. కానీ పుస్తకంలో నాకు కావలసిన పుట చూపించి పక్క పుట మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు ఉంటుంది. ఇన్నేళ్ళు చదివింది ఇందుకా అనిపించింది. పక్కన అమ్మ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, వి.కోటలో దిగినవాళ్ళకు కూడా “మునిమనవడికి పేరు పెట్టేదానికి పోతాండాము” అని చెబుతోంది.

మా వియ్యంకుడికి కుప్పంలో సరుకుల అంగడి ఉంది. ఆయన తెలుగులో సగం అరవం. కాఫీ తాగుతూ రై పంట గుట్ట అని మొదలుపెట్టానో లేదో, చేత్తో ఆపాడు.

“రై అంటే ఆవాలు బావా. మా అంగట్లో వడదేశం, అదే ఉత్తరాది నుంచి వచ్చే మూటల మీద అట్లే రాసి ఉంటాది. నాకు తెలీదా?”

“అది వేరే రై బావా. ఇంగ్లీషు రై.”

“ఆమా, ఇంగ్లీషోడు వచ్చి ఆవాలకు వేరే పేరు పెట్టినాడా! ఆవాల గుట్ట. బాగానే ఉండాది, చిటపటమంటాడు పిల్లోడు.”

అందరూ నవ్వారు. ఉయ్యాల పక్కన కూర్చున్న అమ్మ కూడా నవ్వింది. కోడలు బిడ్డను తొడ మీద వేసుకుని, “మామా, నువ్వు మొత్తం చెప్పు. నేను వినాల,” అంది.

చెప్పాను. మేము మింగేసిన నకారం మాట, ఇంగ్లీషు పుస్తకంలో రాయ్‌డెన్ ఉన్న మాట, అరుదైన పేరన్న మాట, రాగి లాంటి పంట అన్న మాట. అమ్మ వైపు చూడకుండా మాస్టరు చెప్పిన రాయిదిన్నప్ప సంగతి కూడా చెప్పేశాను. ఫోన్‌లో కనిపించిన రాజునూ ఎరుపునూ వదల్లేదు.

“అంటే ఇది ఇంగ్లీషు పేరో కాదో తెలీదు,” అంది కోడలు.

“తెలీదమ్మా.”

“అర్థం కూడా తెలీదు.”

“ఒకటి కాదు, నాలుగు తెలుసు. ఏది నిజమో తెలీదు.”

అమ్మ ఉయ్యాల తాడు పట్టుకుని కిందికి చూస్తోంది. నా మీద కోపం కూడా లేదు ఆ ముఖంలో. ఏదో అడిగి, వాళ్ళు ఇవ్వకపోతే ఇంకేం అడగగలం అన్నట్టు ఉంది. నేను చేసింది తప్పో ఒప్పో ఆ నిమిషంలో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

కోడలు బిడ్డ వీపు నిమురుతూ, “ఆ నకారం సంగతి నీకెట్ల తెలిసింది మామా? అందరూ రాయిడప్ప అనే కదా అంటారు?” అంది.

“ఈ అవ్వే చెప్పింది. పేరు పలక్కుండానే.” కొండ మీద ఉండేదీ, డప్పులో మొదటిదీ అంటూ ఆ రోజు నడిచిందంతా చెప్పాను.

కోడలు అమ్మ వైపు తిరిగింది. “అవ్వా, నువ్వు తాతను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదా?”

“యాడన్నా పిలుస్తారామ్మా?”

“మనసులో కూడా?”

అమ్మ ఉయ్యాల తాడు వదిలింది. “మనసులో ఎవురు ఇంటారులే,” అంది. చెంపలు ఎర్రబడ్డాయి, ఆ వయసులో.

కోడలు బిడ్డను తీసుకొచ్చి అమ్మ ఒళ్ళో పెట్టింది. “ఇన్నేళ్ళు పలక్కుండా ఒక అక్షరం కూడా పోనీకుండా పెట్టుకున్నావు. పలికినోళ్ళంతా పోగొట్టినారు. సరే అవ్వా, అదే పెడదాము. కానీ ఒకటి. రేపు వీడి చెవిలో నువ్వే చెప్పాల.”

“అమ్మమ్మా! మొగుడి పేరు ఎట్ల చెప్పేది?”

“మొగుడి పేరు కాదవ్వా. నీ మునిమనవడి పేరు.”

ఆ సాయంత్రం వియ్యపురాలు దోసె పెడితే అమ్మ ఉప్పుందో లేదో కూడా చెప్పకుండా తినేసింది.

పొద్దున ఇంటినిండా చుట్టాలు. పళ్ళెంలో బియ్యం పోసి, నా కొడుకు చేతికి ఉంగరం ఇచ్చి అయ్యవారు పక్కన కూర్చోబెట్టాడు. బిడ్డ చెవిలో పేరు చెప్పే సమయానికి అందరూ అమ్మకు దారి ఇచ్చారు. ఆమె ఉయ్యాల అంచు పట్టుకుని వంగింది. కొంగు తల మీదినుంచి జారి ఆమె ముఖాన్నీ బిడ్డ ముఖాన్నీ కప్పేసింది. ఆ కొంగు మూడుసార్లు కదిలింది. అంతే. మాకు ఒక్క అక్షరం వినబడలేదు.

“గట్టిగా చెప్పమ్మా, సభకు వినబడాల,” అన్నాడు అయ్యవారు.

అమ్మ లేచి నిలబడి కొంగు సర్దుకుంది. “పేరు ఎవురిదో వాడికి చెప్పేసినాను. ఈళ్ళకు యాల?”

ఇల్లంతా గొల్లున నవ్వింది. ఉంగరం పట్టుకుని నా కొడుకు అడిగాడు. “అది సరే అవ్వా, బియ్యంలో ఏం రాయాల?”

“కొండ మీద ఉంటాది,” అంది అమ్మ వెంటనే, “గుండు కన్నా సిన్నది.”

ఈసారి కోడలు జవాబు అందుకుంది. “రాయి!” డప్పు వచ్చేసరికి చుట్టాలంతా కలిశారు. మా వియ్యంకుడు అందరికంటే గట్టిగా అరిచాడు. నా కొడుకు ఒక్కో అక్షరమే రాసుకుంటూ పోయి నకారం దగ్గర ఆగాడు.

“చివర అప్ప రాయాలా?”

“అప్ప వద్దులే,” అంది కోడలు. “పెద్దోడైనాక వాడే తెచ్చుకుంటాడు.”

బియ్యంలో రాయిడన్ అని ఉంది. అమ్మకు చదువు రాదు. పళ్ళెం పక్కన కూర్చుని ఆ గీతల మీద వేలు ఆనించకుండా జరిపింది. “అన్నీ ఉండాయా? ఏదీ మింగలేదు కదా?” అని నన్నే అడిగింది. అన్నీ ఉన్నాయన్నాను. డన్ అని రాయాలా డెన్ అని రాయాలా, ఇంగ్లీషులో ఓ ఉండాలా ఏ ఉండాలా అని నా తలలో తిరుగుతున్నదేదీ ఆమెకు చెప్పలేదు.

ఇప్పుడు వాడికి మెడ నిలబడుతోంది. కోడలు రాయ్‌డెన్ అంటుంది. నా కొడుకు రాయి అనే అంటాడు, ముద్దుకు. మా వియ్యంకుడు ఆవాలూ అంటాడు. అమ్మ మా ఎదుట పిల్లోడా అంటుంది, అంతే. పోయిన నెల వాళ్ళు పుంగనూరు వచ్చినప్పుడు, అంగడి నుంచి ఇంటికి వచ్చి చూస్తే వసారాలో అమ్మ ఒక్కతే ఉయ్యాల ఊపుతోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. బిడ్డ కళ్ళు తిప్పి ఆమెనే చూస్తున్నాడు. నేను చెప్పులు విడిచిన చప్పుడుకు ఆగిపోయింది.

ఆ రోజు చెవిలో ఏమని చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు. రాయిడనా, రాయిడనప్పా, దిన్నె ఉందా దాంట్లో, మేము ఎన్నడూ వినని ఇంకో అక్షరం ఏమన్నా ఉందా? పక్కన కూర్చుని మళ్ళీ అడిగాను.

“నీ పుస్తకాల్లో సూడు పో,” అంది.

చూస్తూనే ఉన్నాను. దీంట్లో సాయపడ్డవారికి పేరు పేరునా కృతజ్ఞత చెప్పాలి గాని, పేర్లు రాయనని మొదటే అన్నాను. అందుకని పిలిచే పిలుపులతోనే చెప్పుకుంటాను. నేను పలికేది సరైనదేనా అని అడిగిన మా గ్రంథాలయం మేడమ్‌కూ, ఇప్పటికీ వారానికోసారి ఫోన్ చేసి దిన్నె సంగతి ఏమైందని అడిగే మదనపల్లె మాస్టరుకూ, ఆవాల మాట వదలని మా బావకూ, పేరు ఒప్పుకున్న మా కోడలికీ, మా అమ్మకూ. ఆ తెల్ల డాక్టరమ్మకు కూడా. ఆమె ఇచ్చిందో ఇవ్వలేదో తెలియని పేరును ఇంతమందిమి కాపాడుకున్నాం. ఆమె పేరేమిటో మా అవ్వ అడిగి తెలుసుకున్నట్టు లేదు. ఇక పేరు పెట్టి చెప్పగలిగింది ఒక్కడికే. చెవిలో మా అమ్మ చెప్పింది విని, ఏడవకుండా పడుకున్నందుకు, రాయిడన్‌కు.